రెండు గొంతుల రేవు

మాఘ పౌర్ణమి నాటి ఉదయం. శుక్తిపురపు సముద్రం మీద మంచు ఎంత దట్టంగా పరుచుకుందంటే, తూర్పున సూర్యుడు ఉదయించాడో లేదో ఆ సూర్యుడికే తెలియాలి. పగడాల కొమ్మలు పొదిగిన రేవు గోపురాలు, ముత్యపు చిప్పల సున్నంతో నున్నగా మెరిసే కోట బురుజులు, వాటిపై రెపరెపలాడే మొసలి ధ్వజాలు, ధ్వజాల కొసన వేలాడే వెండి గంటలు, అన్నీ ఆ తెల్లదనంలో మునిగిపోయాయి. గంటల చప్పుడు మాత్రం ఎక్కడో పైనుంచి సన్నగా రాలుతోంది. ఆ చప్పుడు వింటూ, రేవుకు కూతవేటు దూరంలో, ఒక పడవలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు.

ఆ మనిషి పేరు కొమరన్న. పడవ పేరు ఉల్లంకి; నీటి అంచున గబగబా పరుగులు తీసే చిన్న పిట్ట పేరే దానికి పెట్టారు. కొమరన్న రాకుమారుడు కాడు, మారువేషంలో తిరిగే రాకుమారుడూ కాడు. ఉత్త పడవవాడు. అతని భార్య పేరు గవరమ్మ. కథానాయికకు ఇంతకంటే సుకుమారమైన పేరు దొరకలేదా అని ముఖం చిట్లించేవారు వెళ్లి ఆమె తండ్రిని అడగవచ్చు. ఆయన మీకు ఏం సమాధానం చెబుతాడో నాకు తెలుసు గాని, ఇక్కడ రాయను.

ఉల్లంకి పొడవు ఇరవై నాలుగు మూరలు. ఉప్పుటేటి ఒడ్డున మూడేళ్లు కష్టపడి మొగుడూ పెళ్లాలే దాన్ని కట్టుకున్నారు. అతను చెక్కలు కోసి బిగించాడు, ఆమె రెండు తెరచాపలూ కుట్టింది. చేపల వేటకు పెద్దది, సరుకు మోయడానికి చిన్నది, ఇదెందుకురా అని ఊరంతా నవ్వింది. తిరగడానికి అన్నాడు కొమరన్న. ఊరు మళ్లీ నవ్వింది. లోపల ఇద్దరు పడుకునే గది, ఇసుక పోసిన పెట్టె మీద పొయ్యి, నాలుగు నీళ్ల కుండలు, గోడకు కొట్టిన మేకుకు వేలాడే ఒక జల్లెడ. ఉల్లంకికి రోజూ ఏదో ఒకటి కావలసిందే. ఇవాళ చెక్కల సందులో నీరు ఊరుతుంది, కొబ్బరి పీచు కూరి గుగ్గిలం పూయాలి. రేపు తాడు పోగులు విడిపోతాయి, ఎల్లుండి చుక్కాని మేకు తుప్పు పడుతుంది. పసిపిల్లనైనా ఒక పూట ఏడవనిచ్చి ఊరుకోవచ్చు గాని ఉల్లంకిని అలా వదిలేయడానికి లేదు.

ఇక ఆ రాజ్యపు కట్టుబాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే కొమరన్న ప్రాణం మీదికి తెచ్చింది అదే. ఏడు రేవుల రాజ్యంలో ఒంటి మనిషి పడవను ఏ రేవూ రానివ్వదు. సముద్రం మీద చాలా రోజులు ఒక్కడే ఉన్నవాడు మనిషిగా మిగలడని, వాడు ఏనాడో నీళ్లపాలై ఉంటాడని, వాడి రూపంలో వచ్చేది మరొకటని అక్కడివారి నమ్మకం. తాతల కాలంలో ఒక ఒంటి పడవ వచ్చిందట. దిగినవాడు నవ్వుతూ ఇంటికి నడిచి వెళ్లాడట. మర్నాటికి ఆ వీధిలో ఎవరూ మిగలలేదట. అందుకని పడవ వచ్చినప్పుడల్లా రేవు కాపరి గోపురం మీది నుంచి రెండు ప్రశ్నలు అడుగుతాడు. పడవ ముందు కొసను అణియమని, చుక్కాని ఉండే వెనక కొసను అమరమని ఓడవాళ్లు అంటారు. అమరాన ఎవరు అని అడిగితే అణియాన ఉన్నవారు చెప్పాలి, అణియాన ఎవరు అంటే అమరాన ఉన్నవారు చెప్పాలి. ఎవరి పేరు వారు చెప్పుకుంటే చెల్లదు. నువ్వు నువ్వేనని చెప్పడానికి నీ వెంట ఇంకొక మనిషి ఉండాలి.

మొగుడి పేరు నోటితో అనకూడదని పెంచిన పిల్ల గవరమ్మ. పడవ ఎక్కిన కొత్తలో మొదటి రేవు దగ్గర ఆమెకు సిగ్గుతో నోరు పెగల్లేదు. కాపరి అడుగుతాడు, ఈమె కొంగు నోట్లో కుక్కుకుంటుంది. గొలుసు దింపక ఒక పూటంతా ఇద్దరూ బయటే తేలుతూ ఉండిపోయారు. ఆఖరికి ఎండకు తాళలేక, "అమరాన కొమరన్న" అని ఎంత గట్టిగా అరిచిందంటే, రేవులో ఉన్న పడవలవాళ్లంతా లేచి నిలబడి చూశారు. ఆ తరువాత ఆరేళ్లలో ఎన్ని రేవుల ముందు ఒకరి పేరు ఒకరు చెప్పుకున్నారో లెక్కలేదు.

పదకొండు వారాల కిందట ఆ గవరమ్మ మంచినీళ్ల కోసం ఒక దీవి గట్టున దిగింది. కుండ తేలుతూ తిరిగి వచ్చింది, గవరమ్మ రాలేదు. ఆమెను ఎత్తుకుపోయింది కుంభీలుడు. శుక్తిపురపు రాజును మంత్రనిద్రలో పడుకోబెట్టి సింహాసనం పక్కన ఎత్తుపీట వేసుకుని ఏలుతున్న మాంత్రికుడు అతడే. అతని కత్తికి దొరకకుండా యువరాజు హేమాంగదుణ్ణి ఉల్లంకిలో దాచి, ఎవరికీ తెలియని దీవికి చేర్చింది ఈ దంపతులే. ఆ దీవి జాడ చెప్పమని కుంభీలుడు గవరమ్మను అడిగాడు. బెదిరించి అడిగాడు, ఆశ పెట్టి అడిగాడు, అన్నం మాన్పించి అడిగాడు. గవరమ్మ చెప్పలేదు. అప్పుడతను ఏడు రేవుల్లోనూ చాటింపు వేయించాడు. మాఘ పౌర్ణమి నాటి సూర్యాస్తమయంలోగా కొమరన్న వచ్చి జాడ చెప్పాలి, లేకుంటే గవరమ్మ ఉప్పుశిల అయిపోతుంది.

ఆ చాటింపును కొమరన్న గొలుసుకు ఇవతల నుంచే విన్నాడు. ఆరు రేవులు అతన్ని రానివ్వలేదు. నా భార్యను ఎత్తుకుపోయారని మొత్తుకున్నా వినలేదు. ఒంటివాడి ఏడుపును వాళ్లు ఇంకా అనుమానంగా చూశారు. ఒకచోట రాళ్లు కూడా విసిరారు. తెరచాపలో వాన పట్టుకుని తాగాడు, దొరికిన చేప కాల్చుకు తిన్నాడు, అరగంటకోసారి లేస్తూ కునుకు తీశాడు. ఇద్దరున్నప్పుడు ఒకరు పడుకుంటే ఒకరు చుక్కాని పట్టేవారు. ఇప్పుడు పట్టేదెవరు? నిద్రలేమితో రెండుసార్లు దిబ్బలకు గుద్దుకోబోయాక అతనొక ఉపాయం కనిపెట్టాడు. ముందు తెరచాపను బిగించి, పెద్దదాన్ని కొంచెం వదిలి, చుక్కాని పిడిని అటూ ఇటూ తాళ్లతో కట్టేస్తే, గాలి మారనంతసేపు ఉల్లంకి గీసిన గీత మీద నడిచినట్టు దానంతటదే పోయేది. తాళ్లు ఎంత బిగించాలో తెలుసుకోవడానికి నాలుగు వారాలు పట్టింది. కుదిరిన రోజున ఎవరికైనా చూపించాలనిపించి వెనక్కి తిరిగాడు. చూపించడానికి ఎవరూ లేరు. ఆ రోజు అతను వంట చేసుకోలేదు.

కిందటి వారం కొబ్బరి పీచుతో, పాత తెరచాప గుడ్డతో ఒక మనిషిని చేశాడు. తలకు ఎండిన సొరకాయ పెట్టాడు. శుక్తిపురపు రేవు కాపరి ముందు అణియాన ఎవరో ఒకరు కూర్చుని కనబడాలి కదా. గొంతు సంగతి కూడా ఆలోచించాడు. పొడుగాటి వెదురు బొంగుల కణుపులు పొడిచి, ఒకదానికొకటి అతికి, చుక్కాని దగ్గర నుంచి అణియం దాకా చాప కింద పరిచాడు. ఈ కొసన మాట్లాడితే ఆ కొసన, బొమ్మ కాళ్ల దగ్గర, వేరే మనిషి మాట్లాడినట్టు వినబడుతుంది. బొమ్మకు సన్యాసి అని పేరు పెట్టాడు. రెండో రోజున తిండి ముందు కూర్చుని దానివైపు తిరిగి "తిన్నావా" అని అడిగాడు. అడిగి తనే సిగ్గుపడ్డాడు. మూడో రోజున కూడా అడిగాడు.

ఇదీ సంగతి. ఇప్పుడు పోటు నీరు ఉల్లంకిని మెల్లగా శుక్తిపురపు రేవు నోటికి తోస్తోంది. మంచులోంచి గోపురం మసకగా పైకి లేచింది. దాని కింద, నీటికి జానెడు ఎత్తున, ఏనుగు తొండమంత లావు ఇనుప గొలుసు అడ్డంగా బిగిసి ఉంది.

"ఎవుల్రా అది? ఏ ఊరు పడవ?" అన్నాడు పైనుంచి రేవు కాపరి. ముసలి గొంతు.

కొమరన్న బొంగులోకి వంగాడు. "గుల్లపాలెం పడవ బాబూ. నీళ్లకొచ్చినాం."

"ఆగండక్కడే. అమరాన ఎవులు?"

"అమరాన పోలన్న," అంది అణియం వైపు నుంచి సన్యాసి గొంతు, బొంగురుగా, నమ్మదగినట్టుగా. పోలన్న అనేది కొమరన్న తనకు పెట్టుకున్న దొంగపేరు.

"అణియాన ఎవులు?"

కొమరన్న తల ఎత్తాడు. చెప్పవలసిన మాట వారం రోజులుగా వల్లె వేసుకున్నదే. అణియాన సన్యాసి. అంతే. కానీ పైన గోపురం, ముందు గొలుసు, చేతిలో చుక్కాని, ఆ ప్రశ్న, అన్నీ ఆరేళ్లుగా ఉన్నట్టే ఉన్నాయి. పదకొండు వారాలుగా మనిషితో మాట్లాడని నాలుక తనకు తెలిసిన దారినే పోయింది.

"అణియాన గవరమ్మ," అన్నాడు.

అన్న తరువాత గాని అతనికి వినబడలేదు. కాపరి గోపురం అంచు నుంచి కిందికి వంగి మంచులోకి చూశాడు. పైన వెండి గంటలు మోగుతున్నాయి.

"గవరమ్మా?" అన్నాడు కాపరి. "ఇందాక మాటాడింది మగోడి గొంతునాగుంది."

"జలుబు సేసినాది బాబూ," అన్నాడు కొమరన్న. ఇంతకంటే తెలివైన అబద్ధం ఆ క్షణాన ఏ మహామంత్రికీ తట్టి ఉండదని నేను అతని తరఫున వాదించగలను గాని, వాదించి లాభం లేదు.

"జలుబా. మంచు రోజులు గదా మరి. రండి, నోనికి రండి," అన్నాడు కాపరి. గొలుసు గడగడమంటూ నీళ్లలోకి దిగింది.

అంత సులువుగా దిగిన గొలుసును కొమరన్న నమ్మలేదు. గవరమ్మ పేరు ఆ రేవులో చాటింపు వినని చెవికి కూడా తెలుసు. ఉల్లంకి లోపలికి జారిందో లేదో, గోపురం మీద శంఖం మోగింది. కోటలోంచి దానికి బదులుగా నగారా మోగింది. వెనక గొలుసు మళ్లీ పైకి లేస్తోంది. ఎడమ చేతి వైపు ఒడ్డున మంచులో నలభై తెడ్ల మకరనౌక కదిలింది. మొసలి మొహం చెక్కిన దాని ముందు భాగం, రెండు అంతస్తుల తెడ్లు, ఇత్తడి రేకులు తాపిన పక్కలు, నల్లటి పట్టు తెరచాప మీద ఎర్రటి కన్ను. దాని మీద పరుగెత్తుతున్న భటుల కేకలు కొమరన్నకు స్పష్టంగా వినబడుతున్నాయి.

పారిపోవాలంటే దారి ఒకటుంది. ఆ రేవుకు దక్షిణాన రెండు బండల నడుమ ఒక సందు. పెద్ద ఓడలు అందులో పట్టవు గనుక దానికి గొలుసు లేదు, కాపలా లేదు. ఉల్లంకి లాంటిది గాలి కలిసివస్తే దూరి పోగలదు. మకరనౌక ఉత్తరాన, తను వచ్చిన రేవు నోటి దగ్గర, గొలుసు దింపించుకుని చుట్టూ తిరిగి రావాలి. కానీ కొమరన్న పారిపోవడానికి రాలేదు. కుడి చేతి వైపు, యాభై బారల దూరంలో, గవరమ్మను బంధించారని చాటింపులో విన్న సున్నపు బురుజు నీళ్లలోంచి నిటారుగా లేచి ఉంది. ఆ బురుజు ఖాళీ కావాలి. కోటలో ఉన్నవాళ్లంతా వెంటపడటానికి ఏదో ఒకటి కావాలి.

అతనికి ఒక్క క్షణం పట్టింది. నేను చెప్పడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు.

ముందుకు ఉరికి సన్యాసిని భుజాన వేసుకొచ్చి అమరాన కూర్చోబెట్టాడు. తన తలపాగా తీసి సొరకాయకు చుట్టాడు, తన గొంగళి భుజాల మీద కప్పాడు. పీచు చేతులు రెండూ చుక్కాని పిడికి కట్టాడు. తెల్లవారుజామున లేచిన నేల గాలి ఇంకా బలంగానే ఉంది, వాయవ్యం నుంచి, సందువైపు తిన్నగా. ముందు తెరచాపను బిగించాడు, పెద్దదాన్ని మూరెడు వదిలాడు, తాళ్లు లాగి ముడులు వేశాడు. నాలుగు వారాలు నేర్చుకున్న విద్య. ఉల్లంకి ఒక్కసారి ఒరిగి, నిలదొక్కుకుని, సందువైపు ముక్కు పెట్టింది.

కొమరన్న దాని పక్కచెక్క మీద అరచెయ్యి ఆనించాడు. మూడేళ్లు చెక్కిన చెక్క. "పోయిరా తల్లీ," అన్నాడు. బురుజు నీడ మీదికి రాగానే చప్పుడు కాకుండా నీళ్లలోకి జారాడు.

నీళ్లలోంచి తల ఎత్తి చూసేసరికి తన పడవ తను లేకుండా వెళ్లిపోతోంది. బండల దగ్గరికి వచ్చింది. ఎడమ పక్క గీసుకున్న చప్పుడు కర్రున వినబడింది. ఆ చప్పుడు అతని ఒంటి మీద గీసినట్టే అనిపించింది. ఉల్లంకి తడబడింది, వణికింది, దూరిపోయింది. ఒడ్డున భటులు "అదుగో, చుక్కాని కాడున్నాడు" అని అరిచారు. మకరనౌక తెడ్లతో నీళ్లను తవ్వుతూ ఉత్తరపు నోటివైపు పరుగు తీసింది.

బురుజు మెట్ల దగ్గర ఇంకొక గండం ఉంది. అటూ ఇటూ రెండు మొసళ్లు, పదేసి బారల పొడవు, నల్లరాతిలో చెక్కినవి. వాటి వీపుల మీద నాచు, కళ్లలో గోమేధికాలు, తెరిచిన నోళ్లలో గుల్లలు పట్టిన పళ్లు. బురుజు పక్కన నీటి మీద మనిషి మాట వినబడితే చాలు, రాయి కండ అవుతుంది. అది కుంభీలుడి మంత్రం. ఆ సంగతి దేశమంతటికీ తెలుసు.

మాట్లాడకుండా ఈదడం ఏమంత కష్టమని మీరనవచ్చు. ఒంటరిగా బతికిన మనిషిని అడగండి. కొమరన్నకు పదకొండు వారాలుగా ప్రతి పనికీ గొణుక్కోవడం అలవాటైపోయింది. తాడు లాగితే దానితో మాట, ముడి విప్పితే దానితో మాట. ఇప్పుడు చెయ్యి సాచగానే "మెల్లగా, మెల్లగా" అన్న మాట పెదవి దాకా వచ్చింది. కండువా కొసను పళ్ల మధ్య బిగించి కొరికాడు. ఎడమ మొసలి దవడ పక్కగా జారుతుంటే అల ఒకటి వచ్చి అతన్ని దాని పళ్ల మీదికి విసిరింది. గుల్లలు తొడను జానెడు మేర చీల్చాయి. నెత్తురు నీళ్లలో పొగలా లేచింది. అతని గొంతులోంచి బయటికి రావలసిన కేక కండువాలోనే ఆగిపోయింది. గోమేధికపు కన్ను ఒకటి కొద్దిగా తడిసినట్టు మెరిసింది. అంతే, మళ్లీ రాయి అయింది.

మెట్లు ఎక్కాడు. పైకి, ఇంకా పైకి. శంఖం ఆకారంలో మెలి తిరిగిన మెట్లవి. గోడలన్నీ ముత్యపు చిప్పల తాపడం, ప్రతి మలుపులోనూ చేప నూనె దీపం, దీపం కింద ఈటె ఆనించుకునే గూడు. గూళ్లలో ఈటెలు లేవు, భటులు లేరు. అందరూ ఓడ ఎక్కి పోయారు. తన ఉపాయం పారినందుకు కొమరన్నకు పదకొండు వారాల తరువాత మొదటిసారి నవ్వు వచ్చింది. కుంటుతూ, నవ్వుతూ, రెండేసి మెట్లు ఎక్కుతూ ఆఖరి గది గుమ్మంలోకి దూకాడు.

గదిలో గవరమ్మ లేదు. ఒక ముసలామె చీపురుతో నేల ఊడుస్తోంది. దాలమ్మ ఆమె పేరు. ముప్పై ఏళ్లుగా ఆ బురుజులో దీపాలు వెలిగించే పని ఆమెది.

"ఎవులు బాబూ నువ్వు? తడిసి ముద్దయిపోనావు. ఆ కాలేటి, అంత రగతం?"

"గవరమ్మ ఏదమ్మా?"

దాలమ్మ చీపురు గోడకు ఆనించింది. అతని ముఖంలోకి తేరిపార చూసింది. "నువ్వు కొమరన్నవి," అంది.

పదకొండు వారాల తరువాత ఇంకొక మనిషి నోట తన పేరు విని కొమరన్నకు కళ్లు నిండిపోయాయి. అవునని తల ఊపాడు.

"నువ్వు కొమరన్నవైతే," అంది దాలమ్మ నెమ్మదిగా, "ఆ పడవలో ఎవులున్నారు?"

"ఎవులూ నేరమ్మా. పీచుబొమ్మ."

ముసలామె ఉన్నచోటనే నేల మీద కూలబడింది. "ఎంత పని సేసినావు బాబూ."

"ఏటయ్యింది? గవరమ్మ ఎక్కడ?"

"ఇప్పుడే గదా ఎనకాల కోట దారిన ఓడకి దింపుకెల్లినారు. ఆ కాపరి శంకం ఊదగానే ఆ మాయలోడే ఒచ్చినాడు. 'ఈడి పెల్లాన్ని ఓడ ముందు కట్టండి. పెల్లాన్ని సూత్తే ఆడే పడవ ఆపుతాడు. మూడు సార్లు శంకం ఊదండి. మూడో దానికి కూడా ఆపకపోతే తోసీండి సముద్రంలోకి' అన్నాడు. నాను ఇక్కడే ఉన్నాను, నా సెవులతో ఇన్నాను."

"ఆవిడేటన్నాది?"

"నవ్వినాది. మా ఆయన నన్ను సూత్తే ఆపకుండా ఉండడు, నీకా సంగతి బాగా తెలుసులే అన్నాది ఆడితో. మరి రోజూ ఈ కిటికీ కాడే కూకునీది. ఇయ్యాల గాలి ఇటునుంచి, ఆయనకి మంచిదే, ఈ పూట కాసింత పడుకుంటాడు, అని నాతో సెప్పీది. నాకా గాలి గొడవ తెలీదు, ఊఁ కొట్టీదాన్ని."

కొమరన్న కిటికీ దగ్గరికి ఉరికాడు. మంచు విచ్చిపోయింది. ఎండ పడి సముద్రమంతా దక్షిణపు అంచు దాకా శుభ్రంగా కనబడుతోంది. ఎంత అందమైన ఉదయమంటే, దాన్ని వర్ణించడానికి నాకు మనసు రావడం లేదు. బండలకు అవతల చాలా దూరాన రెండు పడవలు. ముందు ఉల్లంకి, ఒక్క పిసరు కూడా పక్కకు తొలగకుండా. వెనక మకరనౌక, నలభై తెడ్లతో, అంతకంతకూ దగ్గరవుతూ. దాని ముందు కొసన, మొసలి మొహానికి పైన, పసుపు రంగు చీర.

మొదటి శంఖం మోగింది. నీటి మీద అది చాలా చిన్నగా, ఎవరి ఇంట్లోనో పూజకు ఊదినట్టు వినబడింది.

కొమరన్న కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, "గవరా" అని గొంతు చిరిగిపోయేలా కేక వేశాడు. ఆ కేక ఎక్కడికీ చేరలేదు. కింద మెట్ల దగ్గర మాత్రం బండలు ఒరుసుకున్న చప్పుడయింది, తరువాత నీళ్లు పెద్దగా చిమ్మిన చప్పుడు. దాలమ్మ అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "అరవకు బాబూ. అవి లెగిసినాయి. మెట్లెక్కుతాయి."

అతను వినలేదు. ఉల్లంకి వైపే చూస్తున్నాడు. ఒక్క ముడి జారితే చాలు, పడవ గాలికి తిరిగి ఆగిపోతుంది. ఒక్క ముడి. కానీ ఆ ముడులు అతను వేసినవి. అవి జారవు. తన చేతులను చూసుకుని, వాటి మీద అతనికి పుట్టెడు అసహ్యం వేసింది.

గవరమ్మకు ఈ సంగతి తెలియదు. చుక్కాని కట్టేసి వదిలితే ఉల్లంకి తనంతట తాను నడుస్తుందని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆమె ఉన్నన్నాళ్లూ దానికి చుక్కాని కట్టే అవసరం రాలేదు. ఆమె ఎరిగిన ఉల్లంకిని ఎప్పుడూ ఒక మనిషి నడపవలసిందే.

మెట్ల మీద బరువైన అడుగులు పైకి వస్తున్నాయి. సముద్రం మీద రెండో శంఖం మోగింది. కట్టేసిన తాళ్లలోంచి మెడ సాచి గవరమ్మ చూస్తూనే ఉంది. వంద బారల ముందు, తన చేతులతో నేసిన గొంగళి కప్పుకుని, చుక్కాని పట్టుకుని కూర్చున్న మొగుడు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.